సందేహాలు – సమాధానాలు: ట్యూబ్ యాంప్లిఫయర్, గిటారు నాదం

ప్రశ్న: మా అన్నయ్య డల్లాస్ నుంచి తిరిగి వస్తూ 15 వాట్ల ట్యూబ్ (పాత రేడియోల్లో ఉండే వాల్వు) గిటారు యాంప్లిఫయర్ ఒకటి తెచ్చి ఇచ్చాడు. దాని వెనుక 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని రాసి ఉంది. ఇక్కడ బజారులో కొన్న కన్వర్టర్ ద్వారా వాడుతున్నాను. ఎప్పుడూ గుయ్ మని హమ్ వస్తోంది, తీగలు ముట్టుకుంటే ఒక్కోసారి చెయ్యి జివ్వుమంటోంది. ఇలాగే వాడవచ్చునా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఎర్తింగు సరిచేయించే వరకు దయచేసి దానిని ఆన్ చేయకండి. గిటారు తీగలు బ్రిడ్జి (గిటారు మీద తీగలు ఆనే లోహపు భాగం) ద్వారా, కేబుల్ పైపొర ద్వారా యాంప్లిఫయర్ ఇనుప చట్రానికి కలిసి ఉంటాయి. ఆ చట్రం మూడో పిన్ను ద్వారా భూమికి చేరాలి. బజారులో తక్కువ ధరకు దొరికే కన్వర్టర్లు చాలావరకు రెండు పిన్నులవే కాబట్టి ఆ దారి అక్కడే తెగిపోతుంది. చెయ్యి జివ్వుమనడానికి, హమ్ రావడానికి మొదట అనుమానించవలసినది దీనినే. 1972లో వేల్స్ దేశంలోని స్వాన్సీ నగరంలో స్టోన్ ది క్రోస్ అనే రాక్ బృందపు గిటారిస్టు లెస్ హార్వే, ఎర్తింగు సరిగా లేని వేదికపై గిటారు పట్టుకుని మైకు ముట్టుకోగానే విద్యుదాఘాతంతో మరణించాడు. అందుకే ఈ మాట ఇంత గట్టిగా చెబుతున్నాను.

230 వోల్టులను 120కి దించే, మూడు పిన్నులూ ఉండి ఎర్తు తీగ ఇటు నుంచి అటు తెగకుండా సాగే, రాగి చుట్లు ఉన్న బరువైన స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనండి. యాంప్లిఫయర్ వెనుక విద్యుత్ వినియోగం ఎన్ని వాట్లని రాసి ఉందో చూసి, దానికి కనీసం రెట్టింపు సామర్థ్యం ఉన్నది తీసుకోండి. యాంప్లిఫయర్ మీద రాసిన 15 వాట్లు స్పీకరుకు చేరే శక్తి మాత్రమే, గోడ నుంచి అది తీసుకునేది అంతకు చాలా ఎక్కువ. వోల్టేజి దించినా మన 50 హెర్ట్జ్ మారదు, 60 హెర్ట్జ్‌కే తయారైన లోపలి ట్రాన్స్‌ఫార్మర్ ఇక్కడ కొంత ఎక్కువ వేడెక్కుతుంది. మొదటి కొన్ని రోజులు గంటకోసారి దాని వేడి గమనించండి. వేడి మరీ ఎక్కువగా ఉంటే, ట్యూబ్ పని తెలిసిన మెకానిక్ చేత 230 వోల్టులకు సరిపడే ట్రాన్స్‌ఫార్మర్ వేయించడం శాశ్వత పరిష్కారం. మీరు మాత్రం పెట్టె విప్పకండి. ప్లగ్ తీసిన తరువాత కూడా కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు. మీది సముద్రపు గాలి తగిలే ఊరు కాబట్టి, ఏడాదికోసారి జాకులను, ట్యూబ్ సాకెట్లను కాంటాక్ట్ క్లీనర్‌తో శుభ్రం చేయించుకుంటే సగం గరగరలు అసలు పుట్టవు.

ప్రశ్న: నా దగ్గర 50 వాట్ల యాంప్లిఫయర్ ఉంది. వాల్యూమ్ రెండు దాటితే పక్క ఫ్లాటువారు తలుపు తడుతున్నారు, రెండు లోపల పెడితే శబ్దం పల్చగా, జీవం లేకుండా ఉంటోంది. దీన్ని అమ్మి 25 వాట్లది కొంటే సమస్య తీరుతుందా?
– ఒక పాఠకురాలు, సికింద్రాబాద్

జవాబు: తీరదు. 50 వాట్లకూ 25 వాట్లకూ తేడా 3 డెసిబెళ్లు మాత్రమే, చెవికి అది స్వల్పంగా తగ్గినట్టు అనిపిస్తుంది. శబ్దం సగమైనట్టు వినిపించాలంటే శక్తి పదో వంతుకు, అంటే 5 వాట్లకు దిగాలి. ఆ 5 వాట్లు కూడా పూర్తిగా తిప్పితే ఫ్లాటుకు ఎక్కువే. మీరు వెతుకుతున్న జీవం పవర్ ట్యూబులు (స్పీకరును నడిపే పెద్ద ట్యూబులు), అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్, స్పీకరు మూడూ కొంచెం కష్టపడినప్పుడు వస్తుంది. కాబట్టి మీకు కావలసినది యాంప్లిఫయర్‌కూ స్పీకరుకూ మధ్య కలిపే అటెన్యుయేటర్. అది ట్యూబుల శక్తిలో ఎక్కువ భాగాన్ని వేడిగా మార్చి, మిగిలినది స్పీకరుకు పంపుతుంది. దాని ఓములు (విద్యుత్ నిరోధపు కొలత) యాంప్లిఫయర్ అవుట్‌పుట్ ఓములతో సరిపోవాలి. స్పీకరు గాని, తగిన లోడు గాని లేకుండా ట్యూబ్ యాంప్లిఫయర్‌ను ఎన్నడూ వాయించకూడదు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయే ప్రమాదం ఉంది.

దాని కంటే ముందు ఖర్చు లేని పని ఒకటి చేయండి. యాంప్లిఫయర్‌ను నేల మీద నుంచి తీసి కుర్చీ మీద పెట్టి, ముఖం మీ చెవుల వైపు కొంచెం పైకి వంచండి. 12 అంగుళాల స్పీకరు నుంచి పై స్థాయి ధ్వనులు టార్చి వెలుగులాగా నేరుగా ముందుకే పోతాయి. నేల మీద పెట్టినప్పుడు ఆ ధారంతా మీ కాళ్ల దగ్గరే సాగిపోతుంది, మీకు మందంగా వినిపిస్తుంది. మీరు ట్రెబుల్ (పై స్థాయి ధ్వనులు) పెంచుతారు, ఎదురుగా సోఫాలో కూర్చున్నవారికి చెవులు పోట్లు పొడుస్తాయి. ఎత్తు మార్చిన తరువాత ట్రెబుల్‌ను ఎంత తగ్గించవలసి వచ్చిందో చూస్తే, ఇన్నాళ్లూ మీరు వింటున్నది ఏమిటో మీకే తెలుస్తుంది. గది మూలకు, గోడకు ఆనించి పెడితే బాస్ (కింది స్థాయి ధ్వని) ఉబ్బుతుంది, ఒక మూర దూరం జరపండి.

తరువాత టోన్ నాబులన్నీ సగానికి పెట్టి, గిటారు వాల్యూమ్ పూర్తిగా తెరిచి, యాంప్లిఫయర్ వాల్యూమ్‌ను మెల్లగా పెంచుతూ వెళ్లండి. మెల్లగా మీటితే స్వచ్ఛంగా, గట్టిగా మీటితే అంచు కొంచెం గరుకుగా పలికే చోటు ఒకటి దొరుకుతుంది. నాబును అక్కడ వదిలేసి, ఇక మీదట గిటారు వాల్యూమ్‌తోనూ, వేళ్ల బలంతోనూ వాయించడం అలవాటు చేసుకోండి. నా దృష్టిలో ట్యూబ్ యాంప్లిఫయర్ కొనడానికి అసలు కారణం ఇదే.

ప్రశ్న: నా యాంప్లిఫయర్‌లో రెండు 6ఎల్6 పవర్ ట్యూబులున్నాయి. పాత కాలపు ఖరీదైన ట్యూబులు వేస్తే శబ్దం పూర్తిగా మారిపోతుందని మిత్రులు అంటున్నారు. ఎన్నాళ్లకు మార్చాలి? బయాస్ అంటే ఏమిటి?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: మార్చడానికి ఇన్ని నెలలని గడువు లేదు. శబ్దం మందగించడం, బాస్ వదులవడం, ట్యూబు లోపలి ప్లేటు ఎర్రగా మారడం లక్షణాలు. ప్లేటు ఎర్రబడితే వెంటనే ఆపేయండి. గిటారు సిగ్నల్‌ను మొదట పెంచే చిన్న ప్రీయాంప్ ట్యూబులు, అంటే 12ఏఎక్స్7లు, ఏళ్ల తరబడి పనిచేస్తాయి. గంట మోగినట్టు కింగుమంటుంటే, యాంప్లిఫయర్ ఆన్‌లో ఉండగానే పెన్సిల్ చెక్క కొనతో ఒక్కొక్క ట్యూబును సుతారంగా తట్టండి. స్పీకరులో టంగుమని గట్టిగా మోగే ట్యూబునే మార్చితే చాలు.

సిగ్నల్ లేనప్పుడు పవర్ ట్యూబులో ఎంత కరెంటు నిలకడగా ప్రవహించాలో నిర్ణయించేదే బయాస్. 6ఎల్6 రకాల్లో ఒకటైన 6ఎల్6జీసీ ప్లేటు గరిష్ఠంగా 30 వాట్ల వేడిని తట్టుకుంటుంది, అందులో 70 శాతాన్ని, అంటే 21 వాట్లను, పైహద్దుగా తీసుకుంటారు. ప్లేటు వోల్టేజి 450 అయితే ఒక్కో ట్యూబుకు సుమారు 46 మిల్లీఆంపియర్లు వస్తాయి. నేనైతే 36 దగ్గర ఉంచి విని, అవసరమైతేనే పెంచమంటాను, ట్యూబులు ఎక్కువ కాలం వస్తాయి. ఫిక్స్‌డ్ బయాస్ (బయాస్‌కు విడిగా వోల్టేజి ఇచ్చే) యాంప్లిఫయర్‌లో పవర్ ట్యూబులను సరిజోడుగా కొని, వేసిన ప్రతిసారీ బయాస్ సరిచూపించాలి. ఆ పని మెకానిక్‌కే వదిలేయండి.

ఖరీదైన ట్యూబుల విషయానికి వస్తే, ఆ డబ్బు మొదట స్పీకరు మీద పెట్టమని నా సలహా. 1962లో పశ్చిమ లండన్‌లోని హాన్‌వెల్‌లో జిమ్ మార్షల్ దుకాణంలో తయారైన జేటీఎం45 యాంప్లిఫయర్, అమెరికాలోని ఫెండర్ కంపెనీ బాస్‌మన్ యాంప్లిఫయర్ సర్క్యూట్‌ను దాదాపుగా అనుసరించినదే. బాస్‌మన్‌లో వెనుక తెరిచి ఉన్న పెట్టెలో నాలుగు 10 అంగుళాల స్పీకర్లు ఉండేవి, మార్షల్‌కు మూసిన పెట్టెలో నాలుగు 12 అంగుళాలవి జతయ్యాయి. ట్యూబుల్లో, ట్రాన్స్‌ఫార్మర్లలో కూడా తేడాలున్న మాట నిజమే గాని, విన్నవారెవరూ ఆ రెండింటినీ ఒకటే అనరు, ఆ తేడాలో స్పీకర్లది పెద్ద వాటా. మన పెద్దలకు వాల్వు రేడియోలు బాగా తెలుసు, ఒకప్పుడు మీ బెంగళూరులోనే భారత్ ఎలక్ట్రానిక్స్ వాల్వులు తయారుచేసేది. పాత రేడియో మెకానిక్ దుకాణంలో అలాంటివి దొరికితే పరీక్షించి వాడుకోండి, పేరు చూసి మాత్రం వేల రూపాయలు పోయకండి.

ప్రశ్న: నేను ఎలక్ట్రిక్ గిటారు మీద కర్ణాటక కీర్తనలు వాయిస్తాను. నాకు గరుకు శబ్దం అక్కర్లేదు. అలాంటప్పుడు ట్యూబ్ యాంప్లిఫయర్ వల్ల ఉపయోగం ఉందా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ఉంది. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు ఎలక్ట్రిక్ మాండలిన్‌ను కచేరీ వాద్యంగా నిలబెట్టిన తరువాత, విద్యుత్ వాద్యం మీద గమకం పలకదనే మాటకు తావు లేదు. గమకానికి కావలసినది మీటు తరువాత స్వరం నిలవడం. ఒక్క మీటుతో తీగను లాగి రెండు మూడు స్వరాలు పలికించేటప్పుడు, చివరి స్వరం వచ్చేసరికి నాదం సన్నగిల్లుతుంది. ట్యూబులు గరుకుదనం మొదలయ్యే అంచుకు కొంచెం ముందే మీటు మొనను మెత్తగా అణచుతాయి, అందువల్ల వెనుక వచ్చే స్వరం దానితో పోలిస్తే నిండుగా వినిపిస్తుంది. వాల్యూమ్‌ను సరిగ్గా ఆ అంచుకు ముందు ఆపండి. రివర్బ్ (ప్రతిధ్వని) బాగా తగ్గించండి, లేకపోతే జారు స్వరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ట్రెబుల్ తగ్గించి మిడిల్ (మధ్య స్థాయి) పెంచితే శ్రుతి పెట్టె పక్కన గిటారు చక్కగా కలుస్తుంది. యాంప్లిఫయర్ ఆన్ చేసి పావుగంట వేడెక్కనిచ్చి, గిటారు శ్రుతి ఆ తరువాత ఒకసారి చూసుకుని వర్ణం మొదలుపెట్టండి.