‘సంతాన సాఫల్య రేటు’ పడిపోయిందంటే పిల్లలు పుట్టే శక్తి పోయిందనా?

సందేహం: ‘రాష్ట్రంలో సంతాన సాఫల్య రేటు 1.7కి పడిపోయింది’ అని పేపర్లో వచ్చింది చదివి వినిపిస్తే, మా అత్త ‘ఈ కాలం ఆడపిల్లలకు బిడ్డలు పుట్టే శక్తే పోయిందా’ అని బాధపడింది. ఆ మాట సరైనదేనా? (అనంతపురం నుంచి ఒక పాఠకురాలు)

సమాధానం: మీ అత్తగారి తప్పేం లేదమ్మా, ఆ మాటకు ఎవరికైనా తోచే అర్థం అదే. సాఫల్యం అంటే ఫలించడం. పిల్లలు లేనివాళ్లకు వైద్యం చేసే చోట ‘సంతాన సాఫల్య కేంద్రం’ అని బోర్డు పెడితే అక్కడ అది సరిపోతుంది. పేపర్లు ‘సాఫల్యం’ అని రాసేది ఇంగ్లిష్‌లోని ఫెర్టిలిటీ అనే మాటకు. జనాభా లెక్కల్లో మాత్రం ఫెర్టిలిటీ అంటే కనగలిగే శక్తి కాదు, నిజంగా కన్న పిల్లల లెక్క. శక్తికి ఆ శాస్త్రంలో ఫెకండిటీ అని వేరే మాటే ఉంది. డాక్టర్లు వాడే అర్థాన్ని తెచ్చి జనాభా పట్టికలో పెట్టడంతో వచ్చిన చిక్కు ఇది.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌కు వచ్చిన అంకె 1.7, దేశానికి 2.0. ఇప్పటి తీరే సాగితే 10 మంది ఆడవాళ్లకు వాళ్ల జీవితకాలంలో మొత్తం 17 మంది పిల్లలు పుడతారని 1.7కి అర్థం. ఇది తగ్గింది ఒంట్లో శక్తి లేక కాదు. ఇద్దరు పుట్టగానే ఆపరేషన్ చేయించుకోవడం మన సీమలో ఎప్పుడో మామూలైంది, చేయించుకునేదీ దాదాపు ఆడవాళ్లే. పైగా ఆడపిల్లలు చదువుకుంటున్నారు, స్కూలు ఫీజుల టెన్షన్ ఉంది, అన్నిటికంటే ముఖ్యంగా పుట్టిన బిడ్డ బతుకుతుందన్న నమ్మకం వచ్చింది.

ఈ చివరి సంగతి మన వాడుకలోనే ఉంది చూడండి. కడప వైపు మా జేజి తరం వాళ్లను ఎంతమంది పిల్లలని అడిగితే ‘కన్నది తొమ్మిది మందిని, నిలిచింది ఐదుగురు’ అనేవాళ్లు. కనడం వేరు, నిలవడం వేరు, రెండు లెక్కలూ చెప్పందే ఆ తల్లికి జవాబు పూర్తయ్యేది కాదు. పిల్లలు నిలవని ఇళ్లలో తర్వాత పుట్టినవాడికి పెంటయ్య అని పేరు పెట్టేవాళ్లు, పెంటకుప్ప మీద పడేసిన బిడ్డను మృత్యువు కూడా కోరదని. నిలుస్తారో లేదో తెలియనప్పుడు ఇంకొకరిని కనక తప్పేది కాదు, ఇప్పుడు ఆ భయం బాగా తగ్గింది.

మరి ఏ మాట వాడాలి? ‘కాన్పుల రేటు’ అందామని నాకూ అనిపించింది గానీ కుదరదు, కవలలు పుట్టినా అది ఒక్క కాన్పే కదా. ‘తల్లికి ఇంతమంది’ అన్నా తప్పే, పిల్లలు లేని ఆడవాళ్లూ ఈ సగటులో ఉంటారు. ‘జననాల రేటు’ మరో లెక్క, ఏడాదిలో వెయ్యి జనాభాకు ఎన్ని పుట్టుకలని. అందుకే నేనైతే ‘ఒక్కో మహిళకు సగటున 1.7 మంది పిల్లలు’ అని విడమరిచి రాస్తాను. ఒక్క మాటే కావాలంటే ‘సంతాన రేటు’ చాలు.

ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న 1994 చట్టంలోని నిబంధనను 2024లో తీసేశారు, ఎక్కువమందిని కనమని ఇప్పుడు నాయకులే అంటున్నారు. ఇలాంటప్పుడు ‘సాఫల్యం పడిపోయింది’ అని రాస్తే లోపమంతా ఆడదాని ఒంట్లోనే ఉన్నట్టు వినిపిస్తుంది. గొడ్రాలు అనే మాటతో ఎంతమంది ఏడ్చారో మనకు తెలుసు. ‘పడిపోయింది’ కూడా వద్దు, ‘తగ్గింది’ అనండి.