వకీలు కాకుండానే డిజెబిలిటీ క్లెయిముల్లో ప్రతినిధిగా పనిచేయవచ్చా?

సందేహం: మేము అమెరికాలో డాలస్ దగ్గర ఉంటున్నాం. నాకు గ్రీన్‌కార్డు ఉంది, లా చదవలేదు. పక్షవాతంతో ఉద్యోగం మానేసిన ఒక పరిచయస్తుడికి సోషల్ సెక్యూరిటీ డిజెబిలిటీ దరఖాస్తు నింపిపెట్టాను. వద్దన్నా వినకుండా ఆయన భార్య 500 డాలర్లు చేతిలో పెట్టారు. ఇప్పుడు మరికొందరు అడుగుతున్నారు. దీన్ని వృత్తిగా చేసుకోవచ్చా? - ఒక పాఠకురాలు

జవాబు: చేసుకోవచ్చు. డిజెబిలిటీ క్లెయిములను తేల్చే ప్రభుత్వ సంస్థ అయిన సోషల్ సెక్యూరిటీ అడ్మినిస్ట్రేషన్ ఎదుట దరఖాస్తుదారు తరఫున నిలబడడానికి లా డిగ్రీ గాని, బార్ లైసెన్సు గాని అక్కరలేదు. మంచి నడవడి, మంచి పేరు ఉండి, క్లెయిములో నిజంగా సాయపడగలిగి, ఆ సంస్థ అనర్హత వేటు వేయని వ్యక్తి ఎవరినైనా దరఖాస్తుదారు ప్రతినిధిగా నియమించుకోవచ్చు. ఆ నియామకం లిఖితపూర్వకంగా దాఖలు కావాలి. అందుకు ఎస్‌ఎస్‌ఎ-1696 ఫారం ఉంది. దానిపై ఇద్దరూ సంతకం చేయాలి.

డబ్బు దగ్గర మాత్రం చట్టం చాలా కఠినంగా ఉంటుంది. సోషల్ సెక్యూరిటీ చట్టం 206వ సెక్షన్ ప్రకారం, సంస్థ అనుమతించిన దానికి మించి ఫీజు అడగడం గాని, తీసుకోవడం గాని నేరం. ఒక్కో నేరానికి 500 డాలర్ల వరకు జరిమానా, ఏడాది వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. ఇచ్చినవారు ఇష్టపడే ఇచ్చారన్న సమాధానం అక్కడ చెల్లదు. కాబట్టి మీరు తీసుకున్న 500 డాలర్లను చెక్కు రూపంలో వెంటనే తిరిగి ఇచ్చి, ఇచ్చినట్టు ఒక కాగితం రాయించుకుని దాచండి. ఆసుపత్రి రికార్డుల నకళ్ల వంటి వాటికి మీ చేతి నుంచి నిజంగా పెట్టిన ఖర్చును మాత్రం రసీదులు చూపి విడిగా తీసుకోవచ్చు.

న్యాయంగా ఫీజు పొందే సులువైన దారి ఫీజు ఒప్పందం. అనుకూల నిర్ణయం వెలువడకముందే ఇద్దరూ సంతకం చేసి దాన్ని దాఖలు చేయాలి. బకాయి సొమ్ములో, అంటే దరఖాస్తుదారుకు అప్పటిదాకా చేరవలసిన భృతిలో, 25 శాతం, లేదా సంస్థ నిర్ణయించిన గరిష్ఠ పరిమితి, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది మీ ఫీజు. ఆ పరిమితి 2024 నవంబరు 30 నుంచి 9,200 డాలర్లు. ఇది మారుతూ ఉంటుంది కనుక ఒప్పందం రాసే రోజున సరిచూసుకోండి.

ఆ ఫీజును సంస్థే బకాయిలోంచి మినహాయించి నేరుగా మీకు పంపాలంటే వకీలు కానివారు ప్రత్యేక అర్హత సంపాదించాలి. బ్యాచిలర్ డిగ్రీ లేదా దానికి సమానమైన శిక్షణ, అనుభవం ఉండాలి. సంస్థ నిర్వహించే రాత పరీక్షలో నెగ్గాలి. వృత్తిపరమైన బాధ్యతా బీమా, నేర చరిత్ర తనిఖీ, ఆ తరువాత నిరంతర విద్య కూడా తప్పవు. ఈ అర్హత లేకపోయినా ప్రతినిధిగా పనిచేయవచ్చు గాని, అనుమతి వచ్చిన ఫీజును దరఖాస్తుదారు దగ్గరే వసూలు చేసుకోవలసి వస్తుంది.

ఇక పని సంగతి. మీలాంటివారి అవసరం నాకు బాగా కనబడేది, రోజువారీ పనుల గురించి అడిగే ఫారం దగ్గర. మనవాళ్లు అభిమానం కొద్దీ తమ అశక్తతను దాచుకుంటారు. "వంట చేస్తారా?" అన్న ప్రశ్నకు ఒక గృహిణి "చేస్తాను" అని రాసి ఊరుకుంటుంది, కూరగాయలు కూర్చునే తరుగుతుందనీ, పది నిమిషాలకే నడుం వాలుస్తుందనీ, అన్నం గిన్నె దించడానికి కూతురు రావాలనీ రాయదు. ఎంతసేపు కూర్చోగలరు, నిలబడగలరు, ఎన్ని పౌండ్లు ఎత్తగలరు, నెలకు ఎన్ని రోజులు పనికి వెళ్లలేకపోవచ్చు అన్నవే కేసును తేలుస్తాయి. "ఈయన పని చేయలేరు" అని డాక్టరు రాసిచ్చే ఒక్క వాక్యానికి, 2017 మార్చి 27 నుంచి దాఖలైన క్లెయిముల్లో, విలువ లేదు. ఉన్న ఇబ్బందిని ఉన్నట్టు రాయించండి. ఒక్క మాట కూడా పెంచవద్దు. దరఖాస్తుదారుకు ప్రతికూలంగా ఉన్న వైద్య పత్రాలను సైతం దాఖలు చేయవలసిన బాధ్యత మీపై ఉంటుంది.

గడువులు తప్పితే నష్టపోయేది జబ్బుపడిన మనిషి. తిరస్కరణ నోటీసు అందాక అప్పీలుకు 60 రోజులు. నోటీసు మీది తేదీ తరువాత అయిదు రోజులకు అందినట్టు లెక్కిస్తారు. జడ్జి విచారణకు కనీసం అయిదు పనిదినాల ముందే సాక్ష్యాలు అందించాలి, లేదా వాటి గురించి తెలియజేయాలి.

పిల్లల దగ్గరకు వచ్చి స్థిరపడిన తల్లిదండ్రుల కోసం అడిగేవారు మీకు చాలామంది తగులుతారు. అమెరికాలో పన్ను కట్టి పనిచేసిన చరిత్ర లేనిదే డిజెబిలిటీ బీమా రాదు. భారత్‌తో ఈ విషయమై ఒప్పందం లేనందున మన దేశంలో చేసిన సర్వీసు లెక్కలోకి రాదు. అవసరార్థులకిచ్చే ఎస్‌ఎస్‌ఐకి (సప్లిమెంటల్ సెక్యూరిటీ ఇన్‌కమ్) కూడా గ్రీన్‌కార్డు ఉన్నవారిపై గట్టి ఆంక్షలున్నాయి. అర్హత లేదని తేలితే ఆ మాట మొదటి ఫోనులోనే చెప్పేయండి.

సంస్థలో చివరి అప్పీలు మెట్టయిన అప్పీల్స్ కౌన్సిల్ దాకానే మీ పరిధి. ఆపై ఫెడరల్ డిస్ట్రిక్ట్ కోర్టులో దావా వేసి వాదించడం వకీలు పని. దానికీ 60 రోజుల గడువే కనుక, కౌన్సిల్ కాదన్న రోజునే ఫైలు మొత్తం వకీలుకు అప్పగించండి.