పొట్టి బ్లూ స్ప్రూస్‌లో నీలం తగ్గడం, లోపలి సూదులు రాలడం

గోడ వారన కిందటేడు నాటిన పొట్టి బ్లూ స్ప్రూస్ (నీలిరంగు సూదుల్లాంటి ఆకులుండే చెట్టు) నీలం పోయి ఆకుపచ్చగా మారుతోందనీ, లోపలి సూదులు రాలుతున్నాయనీ, నూనె మందు కొట్టవచ్చా అనీ అడిగారు.

నూనె మందు దయచేసి కొట్టకండి. ఆ నీలం సూది పైనున్న మైనపు పొర వల్ల వచ్చేది. ఒక సూదిని వేళ్లతో గట్టిగా రుద్దితే కింద మామూలు పచ్చ బయటపడుతుంది. నూనె తగిలినా అంతే. పొర పోయిన సూది మళ్లీ నీలంగా మారదు, కొత్త చిగుళ్ల కోసం ఆగాల్సిందే. నీడలోనూ నీలం తగ్గుతుంది. రోజుకు కనీసం 6 గంటల ఎండ తగలాలి.

ఇక రాలడం. కొమ్మ మొదట్లోని బాగా పాత సూదులు పసుపుబారి రాలితే కంగారు అక్కర్లేదు. కిందటేటి సూదులే ఊదా, గోధుమ రంగులకు తిరిగి, కింది కొమ్మల నుంచి పైకి బోడి అవుతుంటే రైజోస్ఫీరా అనే శిలీంధ్రపు తెగులని అనుమానించండి. భూతద్దంతో చూడండి: మంచి సూది మీద వరుసగా తెల్లని చుక్కలుంటాయి, తెగులు సోకిన దానిమీద అవే చోట్ల నల్లగా ఉంటాయి. కొత్త సూదులు సగం పొడవు వచ్చాక కాపర్ మందు, మళ్లీ 3-4 వారాలకు ఇంకోసారి. రాలిన సూదులు ఏరేయండి, నీళ్లు మొదట్లోనే పోయండి, కొమ్మలు తడపొద్దు. సూదులు మొత్తంగా దుమ్ముపట్టినట్టు వెలిసిపోతే నల్లి (మొక్కల రసం పీల్చే అతి చిన్న పురుగు) కావచ్చు. తెల్లకాగితం మీద కొమ్మను తట్టండి, చుక్కలు కదిలితే నల్లే. దానికి మాత్రం నీటిని జోరుగా కొట్టి కడగాలి, ఉదయం పూట, త్వరగా ఆరేలా.

అసలు చిక్కు గోడే అనిపిస్తోంది. గాలి ఆడక తడి ఆరదు. గ్లోబోసా అనే గుండ్రని పొట్టి రకం కూడా ఏళ్లు గడిస్తే మీటరున్నర దాటి విస్తరిస్తుంది, కాబట్టి మొదలు గోడకు కనీసం మీటరు దూరంలో ఉండాలి. ఫ్యాట్ ఆల్బర్ట్ అనే రకం అయితే ఎత్తు 3 మీటర్లు మించుతుంది, చిన్న తోటకు వద్దు. నాటి ఏడాదే కాబట్టి మొగ్గలు విచ్చకముందే, వసంతం మొదట్లో, మట్టిగడ్డతో సహా మార్చేయండి. గుంత వెడల్పు మట్టిగడ్డకు రెండు మూడింతలు, లోతు మాత్రం అంతే. వేళ్లు చీలే చోటు నేలమట్టానికి కనబడాలి. నీరు నిలిచే నేలైతే కాస్త ఎత్తుగా నాటండి. బెరడు ముక్కలు 5-8 సెంటీమీటర్ల మందాన పరిచి, మొదలుకు తగలకుండా వదలండి.

గుండ్రని రకం నడుమ నుంచి ఒక రెమ్మ నిటారుగా లేస్తే లేతగా ఉన్నప్పుడే అడుగంటా కోసేయండి. పక్క కొమ్మల్ని మాత్రం సూదులున్నంత మేరే కత్తిరించండి, బోడి కొమ్మ మళ్లీ చిగురించదు.