గుమ్మడి పిందెలు రాలిపోతుంటే తేనెటీగల్ని మేడ మీదకి రప్పించడం ఎలా?

గుమ్మడి, దోస పిందెలు పసుపు తిరిగి రాలిపోతున్నాయి, తేనెటీగలు రావాలంటే ఏం పెట్టాలి, పిల్లల్ని కుడతాయేమో అని అడిగారు కదండీ. విజయవాడలో మా మేడ మీదా రెండేళ్లు ఇదే తంతు. మగపువ్వు పుప్పొడిని పిందె ఉన్న పువ్వుకి తేనెటీగలు చేర్చకపోతే పిందె నిలవదు, అందుకే ఈ పాట్లు.

ముందు నేను చేసిన తప్పు చెప్తాను. పేనుబంక (ఆకుల రసం పీల్చే చిన్న పురుగు) పట్టిందని కొట్లో ఇచ్చిన పురుగుమందు పొద్దున్నే కొట్టేశాను. గుమ్మడి పువ్వు తెల్లారేసరికి విచ్చుకుని మధ్యాహ్నానికల్లా ముడుచుకుపోతుంది. తేనెటీగలు వాలేదీ ఆ కాసేపే. పది గంటలకి వెళ్లి చూస్తే ఒక పువ్వులోనే నాలుగు చచ్చి పడున్నాయి. తర్వాత నెలపాటు ఒక్కటీ కనబడలేదు. ఇప్పుడు పేనుబంకకి పైపుతో నీళ్లు గట్టిగా కొడతాను. మరీ ముదిరితే వేపనూనె, అదీ పొద్దు గూకాక, పూల మీద పడకుండా.

మొక్కల కోసం నర్సరీకి పరుగెత్తక్కర్లేదు. వంటింట్లో ఉన్న ధనియాలు, ఆవాలు, సబ్జా గింజలే కుండీల్లో చల్లి, కోయకుండా పూతకి వదిలేయండి. మా దగ్గర ఈగలు ఎక్కువగా ముసిరేది మాత్రం తులసి మీదే. పూల వెన్ను కనబడగానే మా అత్తయ్య తుంచేసేవారు, మొక్క ఎండిపోతుందని. చివరికి రాజీ కుదిరింది: కోటలో తులసి ఆవిడది, మిగతా మూడు కుండీలు ఈగలవి. బంతి వేస్తే రేకబంతి వేయండి. ముద్దబంతి దండకి బాగుంటుంది గానీ ఈగకి అందులో దక్కేది తక్కువ. ఈగలు తాగడానికి మట్టి మూకుడులో గులకరాళ్లు వేసి నీళ్లు పోసి, రోజూ మార్చండి, లేదంటే దోమలు.

వంగ, టమాటాల సంగతి వేరు. వాటి పుప్పొడి రాలాలంటే పువ్వు అదరాలి. అది తుమ్మెద చేస్తుంది, తేనెటీగ వల్ల కాదు. అందుకే ఒక ఎండు వెదురు బొంగు మూలన పడేసి ఉంచాను, తుమ్మెద గూటికి తొలుచుకుంటుందని.

పువ్వు మీద పనిలో ఉన్న ఈగ, చేత్తో నొక్కితేనో కాలికింద పడితేనో తప్ప మామూలుగా కుట్టదు. పిల్లల్ని చెప్పులు లేకుండా తిరగనివ్వకండి, చాలు. ట్యాంకు కింద పెద్ద తేనెపట్టు కనబడితే మాత్రం అవి కొండ తేనెటీగలు కావచ్చు. సొంతంగా పొగ పెట్టకండి, అలవాటున్నవాళ్లని పిలవండి.

మాకు ఈగలు కుదురుగా రావడానికి మూడు నెలలు పట్టింది. అందాకా పొద్దున ఎనిమిది లోపు మగపువ్వు (కింద పిందె లేనిది) తుంచి, రేకులు తీసేసి, పిందె ఉన్న పువ్వు మధ్యలో మెల్లగా రాయండి.