దూరం ఒకటే, టికెట్ మీద టైమే వేరు

ప్రశ్న: చెన్నై నుంచి దుబాయ్‌కి, సింగపూర్‌కి దూరం దాదాపు ఒకటేనంటారు. టికెట్లలో చూస్తే దుబాయ్ విమానం ఉదయం 10కి బయల్దేరి 12.45కి చేరుతోంది. సింగపూర్‌ది 10కే బయల్దేరి సాయంత్రం 4.45కి! అంత నెమ్మదా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: నెమ్మదేం కాదు. రెండూ సుమారు 2,900 కి.మీ., రెండింటికీ పట్టేది నాలుగుంపావు గంటలే. టికెట్‌లో బయల్దేరే టైమ్ ఇక్కడిది, చేరే టైమ్ అక్కడిది. దుబాయ్ గడియారం మనకంటే గంటన్నర వెనక, సింగపూర్‌ది రెండున్నర గంటలు ముందు. 12.45కి గంటన్నర కలపండి, 4.45లోంచి రెండున్నర గంటలు తీసేయండి. రెండూ మన 2.15కే వస్తాయి.

నిజమైన తేడా గాలితో వస్తుంది. చలికాలంలో పైన పడమటి గాలి జోరుగా ఉంటుంది కాబట్టి దుబాయ్ వెళ్లేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు అదే వెనక నుంచి తోస్తుంది. తిరుగు ప్రయాణం పావుగంట నుంచి అరగంట దాకా తగ్గుతుంది. వానాకాలంలో దక్షిణాదిన పైన తూర్పుగాలి వీస్తుంది, అప్పుడీ తేడా అంతగా కనిపించదు.

ప్రశ్న: చెన్నై–ఢిల్లీ దూరం ఒకచోట 1,760, ఇంకోచోట 2,200 కి.మీ. అని ఉంది. ఏది సరైనది? మనమే లెక్క కట్టుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, చీమకుర్తి

జవాబు: 2,200 రైలు, రోడ్డు దారిది. 1,760 ఆకాశంలో సూటి దూరం. అట్లాస్ ఉంటే లెక్క ఇంట్లోనే తేలుతుంది. చెన్నై 13.0 ఉత్తరం, 80.2 తూర్పు. ఢిల్లీ 28.6, 77.1. అక్షాంశాల తేడా 15.6 డిగ్రీలు, డిగ్రీకి 111 కి.మీ. చొప్పున గుణిస్తే 1,732 కి.మీ. రేఖాంశాల తేడా 3.1. ఇక్కడే చాలామంది తప్పుతారు, దీన్నీ 111తోనే గుణిస్తారు. ఉత్తరానికి పోయేకొద్దీ రేఖాంశాలు దగ్గరవుతాయి, ఈ రెండు ఊళ్ల నడిమి అక్షాంశం దగ్గర డిగ్రీకి 104 కి.మీ. మాత్రమే. అంటే 322. రెండింటి వర్గాలూ కలిపి వర్గమూలం తీస్తే 1,760 చిల్లర. దేశం లోపలి ఊళ్లకు ఈ పద్ధతి చాలు. అమెరికా లాంటి దూరాలకు భూమి గుండ్రం అడ్డొస్తుంది, పనికిరాదు.

టైమ్‌కి: కిలోమీటర్లను 800తో భాగించి అరగంట కలపండి. ఢిల్లీకి 2 గంటల 42 నిమిషాలు వస్తుంది. రన్‌వే దాకా పాకడం, పైకెక్కడం, దిగడానికి వంతు కోసం తిరగడం, ఆ అరగంట వీటికే. టైంటేబుల్లో మరో పది నిమిషాలు ఎక్కువే వేస్తారు, ఆలస్యమైనా లెక్క తప్పకుండా.

ప్రశ్న: మా అబ్బాయికి చెన్నై నుంచి గల్ఫ్ విమానం 14వ తేదీ 00.40కి. నెల్లూరులో ఎప్పుడు బయల్దేరాలి?
– ఒక తండ్రి, నెల్లూరు

జవాబు: ముందు తేదీ చూసుకోండి. 14వ తేదీ 00.40 అంటే 13వ తేదీ రాత్రి పన్నెండు దాటాక 40 నిమిషాలకు. 14 సాయంత్రం బయల్దేరితే విమానం వెళ్లిపోయి చాలాసేపవుతుంది. విదేశీ విమానానికి మూడు గంటల ముందు, అంటే 13 రాత్రి 9.40కి ఎయిర్‌పోర్టులో ఉండాలి. కౌంటర్ సాధారణంగా గంట ముందే మూసేస్తారు. కారులో 175 కి.మీ. చిల్లర, రెడ్‌హిల్స్ దాటాక ట్రాఫిక్ ఎలా ఉంటుందో చెప్పలేం, సాయంత్రం 5కల్లా ఊరు వదలండి. రైలైతే 8కల్లా సెంట్రల్‌లో దిగేది ఎంచుకుని, అక్కడే నీలం లైను మెట్రో ఎక్కితే మారకుండా ఎయిర్‌పోర్టులో దిగొచ్చు.