దీపం పాదాలకే: ఆజ్ఞలు, వెలుగు – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి మూలం ఒకటే: దేవుని ఆజ్ఞ పాటించడానికీ, సత్యం బోధపడడానికీ సంబంధం ఏమిటి? వాటిలో ఐదింటికి ఇక్కడ జవాబిస్తున్నాం.

ప్రశ్న: రోజుకు మూడు అధ్యాయాల చొప్పున బైబిలు రెండుసార్లు పూర్తిచేశాను, మూడోసారి నడుస్తోంది. పుస్తకం మూసేశాక ఏం చదివానో గుర్తుండదు. వాక్యం వెలుగు అంటారు కదా, నాకెందుకు కనిపించదు? – ఒక సోదరి, తెనాలి

జవాబు: అమ్మా, మీ శ్రద్ధలో లోపం లేదు. వరుస తారుమారైంది, అంతే. ముందు అర్థం చేసుకుందాం, తర్వాత చేద్దాం అని మనం అనుకుంటాం. యోహాను 7:17లో యేసు చెప్పిన వరుస వేరు. దేవుని చిత్తం చొప్పున చేయడానికి నిశ్చయించుకున్నవాడే యేసు బోధ దేవుని దగ్గరిదో కాదో తెలుసుకుంటాడు. చేయాలన్న నిశ్చయం ముందు, తెలియడం తర్వాత.

"నీ వాక్యము నా పాదములకు దీపమును నా త్రోవకు వెలుగునై యున్నది" అనే వచనం మన ఇళ్లలో క్యాలెండరు మీదో, గోడ మీదో ఉంటుంది. కీర్తన రాసినవాడి చేతిలోని దీపం ఎలాంటిదో ఒకసారి ఊహించుకోండి. అరచేతిలో పట్టే మట్టి ప్రమిద, వత్తి ఆనడానికి అంచు ఒకచోట నొక్కి ఉంటుంది, లోపల ఒలీవ నూనె, జనుపనార వత్తి. దాని వెలుగు ఒకటి రెండు అడుగుల మేర పడుతుంది. దాన్ని పట్టుకుని నిలబడిపోతే రాత్రంతా అదే జాగా కనిపిస్తుంది. అడుగు వేస్తేనే దీపమూ మీతో కదిలి, ఆ తర్వాతి అడుగు పడే చోటు చూపిస్తుంది. పైన చెప్పిన ఆ మాట 119వ కీర్తన 105వ వచనం. దాని పక్కనే ఉన్న 106ను ఎవరూ గోడకు తగిలించరు. నీ న్యాయవిధులను అనుసరిస్తానని ప్రమాణం చేశాను, ఆ మాట నెరవేరుస్తాను అంటుంది అది. దీపం దొరికినవాడు వెంటనే నడకకు మాట ఇస్తున్నాడు.

కాబట్టి మూడు అధ్యాయాల చదువు కొంతకాలం ఆపండి. 119వ కీర్తనలో 176 వచనాలు ఉన్నాయి. హెబ్రీ అక్షరమాలలోని 22 అక్షరాలకు ఒక్కో భాగం, భాగానికి 8 వచనాలు. అంటే రోజుకు 8 చొప్పున 22 రోజులు. ఆ 8 వచనాలూ రెండుసార్లు చదవండి, రెండోసారి పైకి వినబడేలా. అందులో మీరు చేయదగిన పని ఒక్కటి ఎంచుకుని, నోటుబుక్కులో ఒకే వాక్యంగా రాయండి. ఆ పని ఆ రోజు సూర్యాస్తమయంలోగా అయ్యేదై ఉండాలి. "అందరితో ప్రేమగా ఉంటాను" అని రాస్తే రాత్రికి అయిందో లేదో చెప్పలేరు. "తోటికోడలికి ఇవ్వాల్సిన 400 రూపాయలు సాయంత్రం ఇచ్చేస్తాను" అని రాస్తే చెప్పగలరు. పడుకునే ముందు పక్కన 'చేశాను', 'చేయలేదు' అని రాయండి. దానికి వివరణ అక్కర్లేదు.

ఎనిమిదో భాగం, అంటే 57 నుంచి 64 వరకు, తీసుకుందాం. 59లో కీర్తనకారుడు తన మార్గాలను పరిశీలించుకుని దేవుని శాసనాల వైపు మళ్లాడు. 60లో "జాగుచేయక త్వరపడితిని" అంటాడు. చూసుకోవడం, మళ్లడం, ఆలస్యం చేయకపోవడం. మనలో చాలామంది మొదటి రెండూ చేసి మూడోదాని దగ్గర ఆగిపోతాం. ఉదయం మనసును తాకిన మాట మధ్యాహ్నానికి చల్లబడిపోవడం అక్కడే.

ఈ పద్ధతి చెడేది ఎక్కువగా మూడు చోట్ల. ఒక రోజు తప్పితే మర్నాడు 16 వచనాలు చదివి లెక్క సరిచేయబోతారు. అలా వద్దు, ఆగినచోటి నుంచి సాగండి. రెండోది, ఆజ్ఞ చదవగానే అది భర్తకో, కోడలికో సరిపోతుందని తోచడం. నోటుబుక్కులో కర్త ఎప్పుడూ 'నేను' అయి ఉండాలి. మూడోది జనవరి 1న తీసే వాగ్దానం కార్డు, అంటే బైబిలు వాగ్దానం ఒకటి అచ్చువేసిన చీటీ, మీదే ఆధారపడడం. "తలగా నియమించునుగాని తోకగా నియమింపడు" అన్న కార్డు చాలామందికి వస్తుంది. ద్వితీయోపదేశకాండము 28:13 తీసి చూడండి. ఆ వచనంలోనే ఆజ్ఞలను విని అనుసరించాలన్న షరతు ఉంది. కార్డు మీద అది అచ్చు కాదు.

22 రోజులయ్యాక లేవీయకాండము 19వ అధ్యాయానికి వెళ్లండి. కూలివాడి కూలి మర్నాటిదాకా దగ్గర పెట్టుకోవద్దు, కోతలో రాలిన పరిగె (కంకులు) ఏరుకోవద్దు, తల నెరసినవారి ఎదుట లేచి నిలబడు, తూనికలో మోసం చేయకు, కొండెములు చెప్పకు. అన్నీ చేతికి అందే ఆజ్ఞలే. వెలుగు కోసం ఎక్కడికో ఎక్కి చూడనక్కర్లేదని అక్కడ బాగా తెలుస్తుంది.

ప్రశ్న: నా పుట్టిల్లు నెల్లూరు, బాప్టిస్టు సంఘం. అత్తవారిది గుంటూరు, లూథరన్. మూడో ఆజ్ఞ ఏమిటని అడిగితే మా పాప ఒకటి చెబుతుంది, వాళ్ల నానమ్మ ఇంకొకటి చెబుతారు. ఎవరిది తప్పు? – ఒక తల్లి

జవాబు: ఇద్దరిదీ ఒప్పే. నిర్గమకాండము 20లో ఆజ్ఞలకు అంకెలు వేసి లేవు. మొత్తం పది అన్న మాట 34:28లో ఉంది. విగ్రహాల మాటను బాప్టిస్టులు, సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వారు విడిగా రెండో ఆజ్ఞగా లెక్కపెడతారు. అందుకే వారికి దేవుని నామం వ్యర్థంగా పలకకూడదన్నది మూడోది, విశ్రాంతిదినం నాలుగోది. లూథరన్లు, కథోలికులు విగ్రహాల మాటను మొదటిదాంట్లోనే కలిపి, ఆశింపకూడదన్న చివరి ఆజ్ఞను రెండుగా విడదీస్తారు. వారి లెక్కలో విశ్రాంతిదినం మూడోది. లూథరన్ సంఘాలకు మూలపురుషుడైన మార్టిన్ లూథర్ 1529లో రాసిన చిన్న కేటకిజంలో (ప్రశ్నోత్తరాల బోధ పుస్తకంలో) ఉన్నదీ ఈ వరుసే.

పాపకు అంకెతో కాక పేరుతో నేర్పండి: 'నామపు ఆజ్ఞ', 'విశ్రాంతి ఆజ్ఞ' అని. ఇంకొక మాట. యూదులు మొదటిదిగా లెక్కపెట్టేది 2వ వచనాన్ని: దాస్యగృహమైన ఐగుప్తులోనుంచి నిన్ను బయటికి తెచ్చిన దేవుణ్ణి నేనే అన్న మాట. మన సండే స్కూళ్లలో పిల్లలు దాన్ని దాటేసి కంఠతా పడుతున్నారు. అది లేకుండా ఆజ్ఞలు నేర్పడం మాకు బాధ కలిగిస్తుంది. విడుదల 12 నుంచి 14 అధ్యాయాల్లో జరిగిపోయింది, ఆజ్ఞలు వచ్చింది 20లో. విడుదల కొనుక్కోవడానికి ఇచ్చిన ఆజ్ఞలు కావవి. విడుదలైనవాళ్లు ఎలా నడవాలో చూపడానికి ఇచ్చినవి.

ప్రశ్న: పదేళ్ల కిందట బట్టల కొట్టులో పనిచేసేటప్పుడు గల్లాపెట్టెలోంచి అప్పుడప్పుడు డబ్బు తీశాను. ఆరేడు వేలు ఉంటుంది. తర్వాత రక్షణ పొందాను, బాప్తిస్మం తీసుకున్నాను. మోకరిస్తే మాత్రం అదే గుర్తొస్తుంది. యజమాని ఇప్పుడు లేరు. – పేరు రాయలేదు

జవాబు: సోదరా, దేవుడు మిమ్మల్ని క్షమించలేదని ఈ జ్ఞాపకానికి అర్థం కాదు. దీపం మీ పాదాల దగ్గర ఒక అడుగు చూపిస్తోంది, మీరు దాని పక్కనుంచి దాటిపోవాలని చూస్తున్నారు.

ఆ అడుగు ఎలా వేయాలో లేవీయకాండము 6:2–5 లెక్కతో సహా చెబుతుంది: తీసుకున్న మూలధనం, దానిమీద అయిదో వంతు. ఆరా, ఏడా అని సందేహం ఉంటే ఏడే వేసుకోండి. 7,000, అందులో అయిదో వంతు 1,400, మొత్తం 8,400 రూపాయలు. నష్టపోయినవాడు లేకపోతే రక్తసంబంధికి ఇవ్వాలని, సంబంధి కూడా లేనప్పుడే అది యెహోవాకు చెందుతుందని సంఖ్యాకాండము 5:7–8 చెబుతుంది. కాబట్టి ఆ డబ్బు కానుకల పెట్టెలో వేసి ఊరుకోవద్దు. చాలామంది చేసే పొరపాటు ఇదే. ఆయన భార్యో, పిల్లలో ఉంటే అది వాళ్ల సొమ్ము.

ముందుగా, మాట దాచగలిగిన పెద్ద ఒకరికి, మీ సంఘ పాస్టరు అయ్యగారికైనా సరే, విషయం చెప్పండి. యజమాని ఇంటివాళ్లు కేసు పెడతామంటే దానికి కూడా సిద్ధపడే వెళ్లండి. మాట పొట్టిగా ఉండాలి: "మీ నాన్నగారి కొట్టులో పనిచేసేటప్పుడు ఇంత తీశాను. తప్పు చేశాను. ఇది ఆ డబ్బు." అప్పటి ఇబ్బందులు చెప్పుకోవద్దు. తీసిన వేరే వాళ్ల పేర్లు ఎత్తవద్దు. వాళ్లు క్షమించామని అంటే వినండి, అనకపోతే అడగవద్దు. ఒకేసారి ఇవ్వలేకపోతే నెలకు ఎంతో, ఏ తేదీకో కాగితం మీద రాసివ్వండి. మత్తయి 5:23–24లో యేసు అర్పణను బలిపీఠం దగ్గర వదిలి ముందు సహోదరుడి దగ్గరికి వెళ్లమన్నాడు. మీ ప్రార్థన ఆగింది అక్కడే.

ప్రశ్న: నాకు సంబంధం కుదిరింది, వచ్చే నెల నిశ్చితార్థం. కట్నం వద్దని నా మనసు. తీసుకోకపోతే చెల్లి పెళ్లి ఎలా చేస్తామని నాన్న అంటున్నారు. తల్లిదండ్రులను సన్మానించమన్న ఆజ్ఞ మీరినవాణ్ణి అవుతానా? – ఒక యువకుడు, ఖమ్మం

జవాబు: కావు, తమ్ముడూ. 'సన్మానించుము' అన్నచోట ఉన్న హెబ్రీ మాటకు మూలం 'బరువు'. తల్లిదండ్రులను తేలిగ్గా తీసిపారేయకు, బరువు ఇవ్వు అని. మార్కు 7:10–13లో యేసు ఈ ఆజ్ఞను వివరించినప్పుడు మాట్లాడింది వారి పోషణ గురించి. దేవుడికి అర్పితమని చెప్పి కన్నవారికి ఇవ్వాల్సింది ఎగ్గొట్టేవారిని ఆయన గద్దించాడు. పొరుగువానిదేదీ ఆశింపకూడదన్నది కూడా పది ఆజ్ఞలు రాసిన అదే రాతిపలకల మీద ఉంది. తండ్రి మాట కోసం ఆ ఆజ్ఞను మీరమని ఈ ఆజ్ఞ చెప్పదు.

అయితే చెప్పే తీరులో సన్మానం కనిపించాలి. నిశ్చితార్థం పందిట్లో, పదిమంది ముందు చెప్పి నాన్నను చిన్నబుచ్చవద్దు. ఈ వారమే, ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పు. ఉత్త 'వద్దు'తో సరిపెట్టకు. ఆయన భయం చెల్లి పెళ్లి గురించి. నీ జీతంలోంచి నెలకు ఎంత, ఎన్నేళ్లు పక్కన పెడతావో అంకె వేసుకుని వెళ్లు. ఆ అంకె ఉంటే నీది తిరుగుబాటు కాదని ఆయనకే తెలుస్తుంది. తర్వాత నాన్నే అమ్మాయి తండ్రికి చెప్పేలా చూడు. కట్నం పేరు మార్చుకుని లాంఛనాలనో, కారనో వస్తే అదీ కట్నమే.

చట్టం కూడా తెలిసి ఉండాలి. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం తీసుకోవడమే కాదు, ఇవ్వడమూ నేరమే. మామూలుగా పడే శిక్ష కనీసం అయిదేళ్ల జైలు, దానితో పాటు 15,000 రూపాయలు గానీ కట్నం విలువ గానీ, ఏది ఎక్కువైతే అంతకు తగ్గని జరిమానా. అడగకుండా వచ్చిన పెళ్లి కానుకలకు జాబితా రాసి సంతకాలు చేయించుకోవాలి.

ప్రశ్న: కువైట్‌లో ఇంటిపని చేస్తున్నాను. ఆదివారం సెలవు లేదు, చాలా వారాలు శుక్రవారం కూడా ఉండదు. విశ్రాంతిదినం మీరుతున్నానని భయం. – ఒక సోదరి

జవాబు: అమ్మా, ఆ ఆజ్ఞ పూర్తి పాఠం ద్వితీయోపదేశకాండము 5:14లో చదవండి. నీలాగే నీ దాసుడు, నీ దాసి విశ్రమించాలని ఇంటి యజమానికి చెబుతున్నాడు దేవుడు. మీకు సెలవు ఇవ్వని తప్పు మీ లెక్కలోకి రాదు. అక్కడి తెలుగు సంఘాలు శుక్రవారం కూడుకుంటాయి, వీలైన వారం వెళ్లండి. వీలు కానప్పుడు పని ముగిశాక అర్ధగంట తలుపు వేసుకుని, ఫోను పక్కన పెట్టి, ఒక కీర్తన పైకి చదువుకోండి. నిద్ర ముంచుకొస్తే పడుకోండి. మకమకలాడుతున్న జనుపనార వత్తిని ఆర్పనివాడని యెషయా 42:3 చెప్పింది మన ప్రభువు యేసు గురించే.