స్కూలు మూసేస్తారన్న వాట్సాప్ కబురు, మీ బాబు సీటు

ప్రశ్న: మాది గుంటూరు. తొమ్మిదేళ్లుగా కాలిఫోర్నియా బే ఏరియాలో ఉంటున్నాం. మా బాబు ఒక చార్టర్ స్కూల్లో ఆరో తరగతి చదువుతున్నాడు. కిండర్‌గార్టెన్‌లో లాటరీలో సీటొచ్చింది. స్కూలు ఎనిమిది వరకే ఉంది. ఇప్పుడు హైస్కూలు కూడా పెడతామంటున్నారు, అదే సమయంలో చార్టర్ రెన్యువల్ కూడా వచ్చిపడింది. "కొత్త చట్టం ప్రకారం స్కూల్ డిస్ట్రిక్ట్‌కు డబ్బు నష్టమైతే చార్టర్ స్కూల్ని మూసేయొచ్చు, జూన్‌లో మూత ఖాయం" అని పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో రోజూ మెసేజ్‌లు. కోడింగ్ నేర్పే సార్‌ని తీసేశారు, అదీ చట్టం వల్లేనట. ఇంకో విషయం. బాబుకు ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరని సమస్య) ఉంది, బడిలో వాడికి తగ్గ సదుపాయాలిచ్చే 504 ప్లాన్ నడుస్తోంది. మొన్న మీటింగ్‌లో "మీ అబ్బాయికి డిస్ట్రిక్ట్ స్కూలైతే నప్పుతుందేమో ఆలోచించండి" అన్నారు. ఏడాదికి 40 గంటలు వాలంటీరింగ్ చేయాలి, లేకపోతే గంటకింత చొప్పున కట్టాలి అని కూడా అడుగుతున్నారు. మేం హెచ్-1బీ మీద ఉన్నాం. గొడవ పెట్టుకోవాలంటే భయంగా ఉంది. ఏం చేయమంటారు?
ఒక పాఠకురాలు, కాలిఫోర్నియా

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో సగం దాకా స్కూలు మూత గురించే ఉంది. బాబు సంగతి "ఇంకో విషయం" అంటూ చివర్లో వచ్చింది. వరస తిరగేసి ఉంటే బాగుండేది. అయినా మీ టెన్షన్ మూత గురించే కాబట్టి దాంతోనే మొదలుపెడతాను.

చార్టర్ స్కూలంటే ప్రైవేటు స్కూలు కాదు. మన ఊళ్లలోని ఎయిడెడ్ స్కూలుకు దూరపు చుట్టం అనుకోండి. డబ్బు ప్రభుత్వానిది, నడిపేది వేరే సంస్థ. ఫీజు ఉండదు, మతబోధ ఉండకూడదు, సీట్లకంటే దరఖాస్తులు ఎక్కువైతే అందరి ఎదుట లాటరీ తీయాలి. కాలిఫోర్నియా ఈ చట్టం చేసింది 1992లో. దేశంలో అంతకుముందు ఒక్క మిన్నెసోటాలోనే ఉండేది. స్కూలు నడుపుకోవడానికి అనుమతిచ్చే పత్రమే చార్టర్. సాధారణంగా దాన్ని స్థానిక స్కూల్ డిస్ట్రిక్ట్ (ఆ ప్రాంతపు ప్రభుత్వ బడుల్ని నడిపే సంస్థ) బోర్డు ఇస్తుంది, గడువు తీరాక మళ్లీ అదే బోర్డు ముందుకు వెళ్లాలి.

మీ గ్రూపులో "కొత్త చట్టం" అంటున్నది ఏబీ 1505 (ఏబీ అంటే అసెంబ్లీ బిల్లు) అయి ఉంటుంది. గవర్నర్ న్యూసమ్ 2019 అక్టోబరులో సంతకం పెట్టారు, 2020 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇక్కడ డిస్ట్రిక్ట్‌కు నిధులొచ్చేది పిల్లల హాజరు లెక్క మీద. ఓ పిల్లాడు చార్టర్‌కు వెళ్తే ఆ మేరకు డబ్బూ వాడి వెంటే పోతుంది, డిస్ట్రిక్ట్‌కు మాత్రం భవనం ఖర్చు, బస్సు ఖర్చు తగ్గవు. 2019 జనవరిలో లాస్ ఏంజెలెస్ టీచర్లు, ఆ వెంటనే ఓక్‌లాండ్ టీచర్లు సమ్మె చేసినప్పుడు కొత్త చార్టర్లు ఆపాలన్నది కూడా ఒక డిమాండు. అంతవరకు "మాకు నష్టం" అన్న కారణంతో చార్టర్ కోరే పిటిషన్‌ను బోర్డు తోసిపుచ్చడానికి వీల్లేదు. ఏబీ 1505 ఆ తలుపు తెరిచింది. వాట్సాప్ కబురులో నిజం ఇంతవరకే.

ఆ తలుపు ఏ గదికి తెరిచారన్నది ఎవరూ చదవలేదు. ఎడ్యుకేషన్ కోడ్ సెక్షన్ 47605లో రెండు కొత్త కారణాలు చేర్చారు. ఆ స్కూలు వల్ల ఉన్న సేవలు బాగా దెబ్బతింటాయనో, దగ్గర్లో ఖాళీలున్న అలాంటి ప్రోగ్రామే ఇంకొకటి ఉందనో చెప్పి, మొత్తం ప్రాంతానికి మేలు కాదని తేల్చడం ఒకటి. డిస్ట్రిక్ట్ ఆర్థికంగా ఆ భారాన్ని తట్టుకునే స్థితిలో లేకపోవడం రెండోది. ఈ రెండోదానికి ఊరికే "నష్టం వస్తోంది" అంటే చాలదు. డిస్ట్రిక్ట్ లెక్కలు నిజంగా దివాలా అంచున ఉన్నాయని అధికారికంగా తేలాలి. ఆ తర్వాత వచ్చే సెక్షన్ 47607లో ఒక్క వాక్యం ఉంది. ఈ రెండు కారణాలనూ ఉన్న స్కూలు రెన్యువల్‌ను నిరాకరించడానికి వాడకూడదు, విస్తరణను నిరాకరించడానికి మాత్రం వాడొచ్చు.

అంటే మీ స్కూలు బోర్డు ముందు పెట్టినవి రెండు వేర్వేరు కోరికలు. ఉన్న స్కూల్ని కొనసాగించమనడం రెన్యువల్. తొమ్మిదో తరగతి మొదలుపెడతామనడం విస్తరణ, చట్టం మాటలో మెటీరియల్ రివిజన్. డబ్బు లెక్క చెప్పి రెండోదానికి అడ్డుపడొచ్చు, మొదటిదానికి పడలేరు. హైస్కూలు రాకపోతే బాబు తొమ్మిదికి వేరే స్కూలు వెతుక్కోవాలి, ఈ ఏడాది పోను దానికింకా రెండేళ్లుంది. స్కూలు వాళ్లను ఒక్క మాట అడగండి: రెండూ విడివిడిగా పెట్టారా, కలిపి పెట్టారా? కలిపి పెట్టడం చట్టరీత్యా తప్పని అనను. కాకపోతే హియరింగ్ రోజు డబ్బు గురించిన వాదనంతా వచ్చి రెన్యువల్ మీద పడుతుంది, జనం గందరగోళపడతారు. మీ గ్రూపులో ఇప్పటికే పడ్డారు కదా.

మరి రెన్యువల్ దేని మీద ఆగుతుంది? ముఖ్యంగా చదువు మీద. రాష్ట్రం ప్రతి స్కూలుకూ డాష్‌బోర్డ్ అనే వెబ్‌సైట్లో నీలం (అన్నిటికన్నా మేలు) నుంచి ఎరుపు దాకా అయిదు రంగుల్లో గుర్తులు వేస్తుంది. ఆ రంగుల్ని, రాష్ట్ర సగటుతో పోలికను చూసి చార్టర్లను మూడు వర్గాలు చేస్తారు. పై వర్గంలో ఉంటే అయిదు నుంచి ఏడేళ్లు, మధ్యలో ఉంటే అయిదేళ్లు. అడుగు వర్గంలో పడితే నిరాకరించడమే నియమం. మెరుగుపడుతోందనడానికి గట్టి రుజువు చూపితేనే రెండేళ్లు ఇస్తారు. ఏ స్కూలు ఏ వర్గంలో ఉందో రాష్ట్ర విద్యాశాఖ జాబితాగా పెడుతుంది. రెండొందల మెసేజ్‌లు చదివే బదులు ఆ జాబితాలో మీ స్కూలు పేరు ఒక్కసారి వెతకండి, అయిదు నిమిషాల పని.

గడువు తేదీ కూడా చూసుకోండి. కోవిడ్‌లో పరీక్షలు సరిగా జరగక, 2021లో చట్టం చేసి చాలా చార్టర్ల గడువును రెండేళ్లు పొడిగించారు, 2023లో మరో ఏడాది కలిపారు. పత్రం మీద 2025 జూన్ 30 అని ఉన్న చార్టర్ అసలు గడువు 2028 జూన్ 30. ఆఫీసు ఫైల్లోని పాత పత్రం ఫొటో తీసి గ్రూపులో పెట్టేసి "ఇదిగో చూడండి" అనేవాళ్లు ప్రతి స్కూల్లోనూ ఒకరుంటారు. ఒకవేళ నిజంగానే బోర్డు కాదన్నా ఆ సాయంత్రమే తాళం వేయరు. 30 రోజుల్లోగా కౌంటీ విద్యా బోర్డుకు అప్పీలు చేసుకోవచ్చు, అక్కడా కాకపోతే రాష్ట్ర బోర్డు. రాష్ట్ర బోర్డు మాత్రం మునుపటిలా మొత్తం మళ్లీ విచారించదు, కిందివాళ్లు అధికారాన్ని దుర్వినియోగం చేశారా అన్నదే చూస్తుంది. ఏం జరిగినా మీరుండే అడ్రసుకు చెందిన డిస్ట్రిక్ట్ మీ బాబును చేర్చుకోక తప్పదు.

కోడింగ్ సార్ సంగతి. పాత రోజుల్లో చార్టర్లు ముఖ్య సబ్జెక్టులు కానివాటికి లైసెన్సు లేనివాళ్లనూ పెట్టుకునేవి. కొత్త చట్టం చెప్పే సబ్జెక్టుకు తగ్గ క్రెడెన్షియల్ ప్రతి టీచరుకూ ఉండాలంది. 2019-20లో అప్పటికే పనిచేస్తున్నవాళ్లకు 2025 జులై 1 దాకా గడువిచ్చారు. ఆయన ఉద్యోగం అలా పోయి ఉండొచ్చు. బాగా చెప్పే మనిషిని ఒక కాగితం లేదని పంపేయడం నాకూ కష్టంగానే ఉంటుంది, కానీ దాంట్లో స్కూలు చేసిన తప్పేం లేదు.

ఇక మీరు చివర్లో రాసిన విషయం. "మీ అబ్బాయికి డిస్ట్రిక్ట్ స్కూలైతే నప్పుతుందేమో." ఎంత మెత్తగా ఉందో చూడండి. పొమ్మనలేదు, ఆలోచించమన్నారు. చట్టసభకు ఈ మెత్తటి మాట బాగా తెలుసు, అందుకే ఏబీ 1505 వచ్చిన ఏడాదే ఎస్‌బీ 75 అనే ఇంకో చట్టంలో దీన్ని పట్టుకుంది. వైకల్యం, మార్కులు, ఇంగ్లిష్ రాకపోవడం, పేదరికం లాంటి ఏ కారణంతోనైనా సరే, ఒక పిల్లాణ్ని చేరకుండా నిరుత్సాహపరచడం గానీ, చేరినవాణ్ని మానేయమని లేదా వేరే స్కూలుకు వెళ్లమని ప్రోత్సహించడం గానీ చార్టర్ చేయకూడదు. చేరకముందే పాత రికార్డులు అడగకూడదు. ఈ హక్కులన్నీ ఉన్న నోటీసును స్కూలు తన వెబ్‌సైట్లో పెట్టాలి. ఫిర్యాదుకు రాష్ట్రం తయారుచేసిన ఫారం ఉంది, అది చార్టర్ ఇచ్చిన బోర్డుకు వెళ్తుంది.

పంపేయాలని నిజంగానే అనుకుంటే దానికీ పద్ధతుంది. 2017 నాటి ఏబీ 1360 ప్రకారం కనీసం అయిదు బడి రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసివ్వాలి, అభ్యంతరం చెప్పి విచారణ కోరే హక్కు మీకుందని అందులో రాయాలి. ఆ నోటీసు తల్లిదండ్రుల మాతృభాషలో ఉండాలి. అవును, మీ విషయంలో తెలుగులో. తెలుగులో అలాంటి నోటీసు తయారుచేయించే స్కూల్ని నేనింతవరకు చూడలేదు, అందుకే అడిగేవాళ్లకు ఆ మాట బాగా పనికొస్తుంది.

వాట్సాప్‌లో ఎవరూ చెప్పని ముడి ఇంకొకటుంది. డబ్బు పేరుతో రెన్యువల్ ఆపకూడదన్నాను. కానీ "చేరాలనుకునే పిల్లలందరికీ ఈ స్కూలు చదువు చెప్పడం లేదు" అని తేలితే ఆపొచ్చు. మార్కులు ఎంత బాగున్నా సరే. ఏ రకం పిల్లలు మధ్యలో మానేసి వెళ్లారో రాష్ట్రం దగ్గరున్న లెక్కల్ని బోర్డు తెప్పించుకోవచ్చు. ముందుగా నోటీసిచ్చి, దిద్దుకోవడానికి 30 రోజులిచ్చి, అప్పటికీ దిద్దుకోకపోతే ఆ కారణంతో నిరాకరించొచ్చు. అంటే ఆ మీటింగ్‌లో మీతో మెత్తగా మాట్లాడిన మనిషి, తెలిసో తెలియకో, స్కూలు మెడ మీదకే కత్తి తెచ్చిపెట్టారు.

అందుకే ఒక మాట సూటిగా చెబుతాను. ఈ సమయంలో మీరు బోర్డుకు ఫిర్యాదు పెడితే అది స్కూలుకు వ్యతిరేకంగా ఉపయోగపడొచ్చు. స్కూలు మీకు ఇష్టమే, నిలవాలనే కోరుకుంటున్నారు. కాబట్టి మొదట స్కూలుకే రాయండి, దిద్దుకునే అవకాశమివ్వండి. అయితే "రెన్యువల్ అయ్యేదాకా ఆగండి, మనలో మనం" అని ఎవరైనా అంటే ఆగకండి. రెన్యువల్ అయ్యాక మీ మాటకు ఇప్పుడున్నంత బరువుండదు. 504 ప్లాన్‌లో ఉన్న సదుపాయాలు ఇవ్వకపోతే అది వివక్ష ఫిర్యాదు అవుతుంది, దానికి ఆరు నెలల గడువుంది. మీటింగ్ తేదీ క్యాలెండర్‌లో రాసిపెట్టుకోండి.

వాలంటీరింగ్ 40 గంటలా? అడగొచ్చు, బతిమాలొచ్చు. సీటుకు ముడిపెట్టకూడదు. తల్లిదండ్రులు పనిచేయడం షరతు కాదని స్కూలే మీకు తెలియజేయాలని ఏబీ 1360 అంటుంది. గంటకింత కట్టమనడం ఇంకా పెద్ద తప్పు. ఉచిత విద్య అంటే ఉచితమేనని కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1984లోనే హార్ట్‌జెల్ కేసులో తేల్చింది, నాటకానికీ ఆటలకూ కూడా ఫీజు వద్దంది. 2012లో చేసిన చట్టం ఈ నిషేధం చార్టర్లకూ వర్తిస్తుందని పేరు పెట్టి మరీ చెప్పింది. ఇప్పటికే కట్టి ఉంటే ఏడాదిలోపు ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి వాపసు అడగొచ్చు, పేరు రాయకుండా కూడా పెట్టొచ్చు. ఇష్టంతో ఇచ్చే విరాళం వేరు, దానికి రసీదు తీసుకోండి.

వీసా భయం వదిలేయండి. బడి పిల్లల ఇమ్మిగ్రేషన్ స్థితిని అడగడం, రాసుకోవడం స్కూళ్లకు, చార్టర్లకు కూడా, కుదరదని 2017 నాటి ఏబీ 699 చట్టం చెబుతోంది. స్కూలు మీద ఫిర్యాదు చేసినంత మాత్రాన హెచ్-1బీకి వచ్చే ముప్పేమీ లేదు. ఫిర్యాదు చేశారని కక్ష కట్టడం కూడా నిషిద్ధమే.

బోర్డు హియరింగ్‌కు వెళ్లండి, రెండు నిమిషాలు మాట్లాడండి. మామూలు సమావేశమైతే ఎజెండా 72 గంటల ముందు పెట్టాలి. చార్టర్ స్కూలు సొంత బోర్డుకూ 2020 నుంచి ఇదే నియమం. అనువాదకుడి సాయంతో మాట్లాడేవాళ్లకు రెట్టింపు సమయమివ్వాలని, బహిరంగ సమావేశాల నియమాలు చెప్పే బ్రౌన్ చట్టంలో ఉంది. ఆ మధ్య ఒక సమావేశంలో ఓ బామ్మగారు మనవడి స్కూలు గురించి తెలుగులో నాలుగు నిమిషాలు మాట్లాడారు, మనవరాలు పక్కన నిలబడి ఇంగ్లిష్‌లో చెప్పింది. అప్పటిదాకా ఫోన్లు చూసుకుంటున్న బోర్డు సభ్యులు తలెత్తి విన్నారు. మీ అత్తగారో అమ్మగారో ఇక్కడుంటే వెంట తీసుకెళ్లండి.

ఈ రాత్రికే చేయాల్సింది ఒకటుంది, స్కూలుకు ఈమెయిల్. కోపం వద్దు, చట్టం నంబర్లూ వద్దు. ఇంతే రాయండి: "ఫలానా తేదీ మీటింగ్‌లో మా బాబుకు డిస్ట్రిక్ట్ స్కూలు నప్పుతుందేమో ఆలోచించమన్నారు. మేం ఈ స్కూల్లోనే కొనసాగించాలనుకుంటున్నాం. 504 ప్లాన్‌లో ఇంకేం మార్పులు చేస్తే వాడికి ఉపయోగమో మాట్లాడుకోవడానికి రెండు వారాల్లో మీటింగ్ పెట్టండి. ఆ రోజు అన్న మాటను మేం సరిగా అర్థం చేసుకోకపోయి ఉంటే దయచేసి రాతలో తెలియజేయండి." పంపాక జవాబు కోసం ఫోన్ చేయకండి. ఫోన్ వాళ్లే చేస్తారు. అప్పుడు "ఇదే విషయం ఈమెయిల్‌లో పెట్టండి, మావారికి కూడా చూపించాలి" అనండి.